బరువైన గాలి

కిందటి వారం ఇనెకె పోస్ట్‌మాని మోర్వెల్ యూనియన్ హాలు నడిమధ్యలో, ఊరంతా కళ్ళెర్రజేసి చూస్తుండగా వదిలేసి వచ్చాం. బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రం మూతపడ్డాక ఆ లోయకి మిగిలిన ఒకే ఒక్క ఆశ మీద ఆమె వేలు పెట్టింది. పొగలోంచి పట్టిన బొగ్గుపులుసు వాయువుని కరెంటుతో విరగ్గొట్టి, ఇంధనానికి పనికొచ్చే మరో వాయువుగా మార్చే యంత్రం అది. రాబోయే పెద్ద ఫ్యాక్టరీకి నమూనాగా పారిశ్రామిక వాడలో ఒక రేకుల షెడ్డులో నడుస్తోంది. దానికి గుండెకాయలాంటి ద్రవాన్ని కనిపెట్టింది ఇనెకెయే. అలాంటి మనిషే లేచి నిలబడి, యంత్రం ఇస్తున్నదంతా లోపలికి పంపే ఆ గాలిలోంచి రావట్లేదని తనకి అనుమానంగా ఉందని చెప్పింది. హాలు గోలెత్తిపోయింది. ఒకప్పుడు ఆమెకి చదువు చెప్పి, తర్వాత ఉద్యోగమిచ్చి, ఇప్పుడు కంపెనీకి పెద్దగా కూర్చున్న గ్రేమ్ హాల్‌స్టెడ్ మాత్రం నవ్వాడు. అనుమానమే కదా, అందరి ముందూ పరీక్ష పెట్టి తేల్చుకోమన్నాడు. తేడా లేదని తేలితే క్షమాపణ చెప్పుకుని లోయ వదిలి వెళ్ళిపోవాలన్నాడు. ఇనెకె సరేనంది.

ఆ పరీక్ష ఇవాళే.

పొద్దున గేటు తీసేసరికి కారు దారికి అడ్డంగా బొగ్గు ఇటుకల గుట్ట పోసి ఉంది. పైన ఒక అట్టముక్క గుచ్చారు. "దీంతోనే వండుకు తిను" అని రాసి ఉంది. ఆ ఇటుకల తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. అంటే ఎవరో పెరట్లో పదిలంగా దాచుకున్న పాత నిల్వలోంచి తీసి, పనిగట్టుకుని బండికెత్తి తెచ్చారన్నమాట. ఇనెకె కాసేపు ఆ గుట్టనే చూస్తూ నిలబడింది. ఆమె నాన్న చలికాలంలో సరిగ్గా ఇలాంటి ఇటుకల్నే పొయ్యిలో పేర్చేవాడు. తర్వాత లోపలికెళ్ళి పార తెచ్చి ఒక పక్కకి తొయ్యడం మొదలుపెట్టింది. పక్కింటాయన కంచె అవతల టీ కప్పుతో నిలబడి చూస్తున్నాడు. ఫుట్‌బాల్ ఫైనల్స్ రోజుల్లో మామూలుగా అయితే ఆమెని నోరెత్తనివ్వడు, ఒక్కో ఆటగాడి మోకాలి గురించీ చెప్పేవాడు. ఇవాళ ఆమె తలెత్తి చూడగానే టీ ఒలకబోసేసి లోపలికెళ్ళిపోయాడు.

కారెక్కాక ఫోన్ మోగింది. అక్క హెన్నీ. పలకరింపుల్లేవు. వెర్న్ ఉద్యోగం ఇవాళ పోయిందంటే మళ్ళీ తన గుమ్మం తొక్కొద్దని చెప్పి పెట్టేసింది.

వెర్న్ కల్లినన్ హెన్నీ మొగుడు. కేంద్రం మూసేసిన రోజున బాయిలర్ ఆర్పిన జట్టులో ఒకడు. ఆ తర్వాత రెండేళ్ళు పని లేక, లాన్లు కోస్తూ, పచ్చళ్ళ ఫ్యాక్టరీలో జాడీలు ఎత్తుతూ గడిపాడు. ఈ షెడ్డులో ఆపరేటర్‌గా పెట్టుకున్నాక మనిషి మళ్ళీ నిటారుగా నడవడం మొదలుపెట్టాడు. ఆ ఉద్యోగానికి అతని పేరు చెప్పింది ఇనెకెయే.

ఆమె పరీక్షకి తెచ్చిన సిలిండర్ ఎత్తుకుని కారు దిగేసరికి వెర్న్ షెడ్డు గుమ్మంలో చేతులు కట్టుకుని ఉన్నాడు.

"వచ్చారా డాక్టర్ గారూ," అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఇనీ అనే పిలిచేవాడు. "రండి రండి. మా పొట్ట మీద కొట్టడానికి మీకు కుర్చీ కూడా వేశాం."

"పక్కకి తప్పుకో వెర్న్. సిలిండర్ బరువుగా ఉంది."

"పట్టుకోమంటారా?"

"వద్దు."

అతను తప్పుకోలేదు. ఆమె భుజంతో అతన్ని రాసుకుంటూ లోపలికెళ్ళింది.

షెడ్డులో జనం గోడల వెంట నిలబడి ఉన్నారు. ఆపరేటర్లు, ఒకరిద్దరు పాత కేంద్రం వాళ్ళు, ముందు వరసలో స్టూలు మీద రోండా జమ్మిట్. రోండా యూనియన్ ప్రతినిధి. టర్బైన్ హాల్లో ముప్ఫయ్యేళ్ళు అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన మనిషి. యంత్రం పక్కన గ్రేమ్ ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా మీద కోటుతో, ఎవరి పుట్టినరోజుకో వచ్చినవాడిలా ఉన్నాడు. శుక్రవారం మంత్రి వచ్చి ఇదే యంత్రం చూసి ఫ్యాక్టరీకి ఒప్పుకోవాలి. అతని ధ్యాసంతా అప్పుడే శుక్రవారం మీదున్నట్టుంది.

ఇనెకె సిలిండర్‌ని గొట్టానికి తగిలించే లోపల రోండా గొంతు సవరించుకుంది. పరీక్షేదో తమకర్థమయ్యే మాటల్లో ముందే చెప్పాలంది. తర్వాత గొర్రెల్లా తలూపామన్న మాట పడడానికి ఎవరూ సిద్ధంగా లేరంది.

ఇనెకె చెప్పింది. మామూలు ఉప్పు నీళ్ళు లేకుండా కరిగి ద్రవం కావాలంటే నిప్పుల కొలిమి కావాలి. ఈ యంత్రంలో ఉన్నది మామూలు గది వేడికే ద్రవంగా ఉండే ఉప్పు. అది బొగ్గుపులుసు వాయువుని స్పంజిలా పీల్చుకుని, వెండి పలక దాకా మోసుకెళ్తుంది. అక్కడ కరెంటు తగిలి ఆ వాయువు విరుగుతుంది, ఇంధనానికి పనికొచ్చే కార్బన్ మోనాక్సైడ్‌గా పైకి వస్తుంది. అది వస్తోంది, అందులో అబద్ధం లేదు. కానీ అందులో ఉన్న కార్బన్ ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే ప్రశ్న. అన్ని కార్బన్లూ చూడ్డానికి ఒకటే. అయితే ప్రపంచంలో నూటికి ఒక్కటి తక్కినవాటికంటే ఒక్క పిసరు బరువుంటుంది. ఆ బరువైనవాటిని మాత్రమే ఏరి చేసిన గాలి ఈ సిలిండర్లో ఉంది. ఇవాళ యంత్రానికి ఇదొక్కటే పెడతాం. గాలినే విరగ్గొడుతుంటే బయటికొచ్చేది కూడా బరువుగానే ఉండాలి.

"తేలికది వస్తే?" అంది రోండా.

"వస్తే అది ఈ సిలిండర్లోది కాదు. ఇంకెక్కణ్ణుంచో వస్తోంది."

"బరువు చూసేదెవరు? నువ్వేనా?"

"ఆ తెర ఉన్న పెట్టె చూస్తుంది. కంపెనీ పెట్టే. గ్రేమ్ కొన్నదే."

గ్రేమ్ చిన్నగా తల వంచాడు, మెచ్చుకున్నట్టు. "ఇనెకె ఎప్పుడూ ఇంతే," అన్నాడు జనంతో. "విద్యార్థిగా ఉన్నప్పుడు కూడా పక్కవాళ్ళ ప్రయోగంలో తప్పు పట్టడంలో దీన్ని మించినవాళ్ళు లేరు. తన ప్రయోగం మాత్రం ఎప్పుడూ వచ్చే ఏడాదికి పూర్తవుతుంది."

కొందరు నవ్వారు. వెర్న్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

కరెంటు వేశారు. పంపు గుర్రుమంది. తెర మీద రెండు గీతలు, బరువైనదానికి ఎరుపు, తేలికదానికి నీలం, నేల మీద పడుకున్నట్టు కాసేపు కదల్లేదు. తర్వాత ఎర్ర గీత తల ఎత్తింది. నెమ్మదిగా పైకి పాకింది.

"అదిగో," అన్నాడు వెర్న్. "బరువైంది వస్తోంది. వస్తోందా లేదా? చదువుకున్నావుగా, చెప్పు."

గోడ వెంట ఉన్నవాళ్ళు ఒక్కసారి ఊపిరి వదిలారు. ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు. తన ద్రవం కొంత పని చేస్తుందని ఇనెకెకి తెలుసు. అది ఆమె చేతుల్లో పుట్టింది. ఎర్ర గీత లేచినప్పుడు అంతమంది పగవాళ్ళ మధ్యలో కూడా ఆమె గుండెలో చిన్న పొంగు వచ్చింది. తను ఓడిపోతే ఎంత బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది.

అప్పుడు నీలం గీత లేచింది. అది పాకలేదు, ఎక్కింది. ఎర్ర గీతని దాటేసి, దానికి అందనంత ఎత్తుకి పోయి అక్కడ నిలబడింది.

వెర్న్ తెరకి దగ్గరగా వెళ్ళాడు.

గ్రేమ్ మాత్రం చెక్కుచెదరలేదు. ఇది తనకి ముందే తెలుసన్నట్టు రెండు అడుగులు ముందుకొచ్చి, తరగతి గదిలో చెప్పినట్టే చెప్పాడు. యంత్రం ఇన్ని నెలలుగా మామూలు గాలితో నడుస్తోంది. ద్రవం నిండా అదే కరిగి ఉంది. ఆ పాత గాలే ఇప్పుడు విరుగుతోంది. ఇందులో వింతేమీ లేదు.

"పొద్దున్నించీ కార్బన్ లేని ఆర్గాన్ వాయువు పంపి కడిగించాను," అంది ఇనెకె. "కడిగింది నీ మనుషులే."

"కడిగితే పోతుందా? ఈ ద్రవం ఒకసారి పట్టుకున్నదాన్ని తొందరగా వదలదని దేశదేశాల్లో ఉపన్యాసాలిచ్చింది నువ్వేగా. నీ మాట నువ్వే నమ్మవా?"

ఈసారి నవ్వు గట్టిగా వచ్చింది. ఇన్నాళ్ళూ దాచిపెట్టుకున్న దెబ్బ అది. ఇంత తేలిగ్గా పరీక్షకి ఎందుకు ఒప్పుకున్నాడో ఇనెకెకి అప్పుడర్థమైంది. రెండు గీతలు, రెండు వాదనలు, ఎవరి నమ్మకం వాళ్ళకి. ఆ గందరగోళంలో శుక్రవారం వచ్చేస్తుంది.

"సరే," అంది. "పాత గాలే అనుకుందాం. అయితే అది ఎంతో కొంతే ఉంటుంది. కొత్తది పెట్టకపోతే అయిపోవాలి." వెర్న్ వైపు తిరిగింది. "వెర్న్, గాలి కట్టెయ్యి."

"ఏంటి?"

"సిలిండర్ కట్టెయ్యి. గొట్టం కూడా ఊడదీసెయ్యి. ఉత్త ఆర్గాన్ వదులు. కరెంటు అలాగే ఉండనీ. నీ చేత్తో నువ్వే చెయ్యి. నేను ముట్టుకోను."

వెర్న్ గ్రేమ్ వైపు చూశాడు. అక్కర్లేదని గ్రేమ్ అనబోయేంతలో రోండా స్టూలు మీద నుంచే, కట్టు, చూద్దాం అంది. వెర్న్ వెళ్ళి వాల్వు బిగించాడు. గొట్టం విప్పి నేల మీద పడేశాడు.

ఎదురుచూశారు. ఎవరో ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నారు. బయట చెట్ల మీద మాగ్‌పై పిట్టలు కీచులాడుకుంటున్నాయి. ఎర్ర గీత ముందు ఒంగింది, తర్వాత జారింది, చివరికి నేలకంటుకుపోయింది. ఇంధనం లేని దీపం ఆరినట్టే ఆరిపోయింది.

నీలం గీత కదల్లేదు.

టీ తాగడం అయింది. కప్పు కడగడం అయింది. ఒకాయన బయటికెళ్ళి సిగరెట్టు కాల్చుకుని కూడా వచ్చాడు. నీలం గీత ఎక్కడున్నది అక్కడే, చాపలా పరుచుకుని ఉంది. గొట్టం ఊడి నేల మీద పడి ఉంది. లోపలికి గాలి అన్నది పోవడం లేదు. బయటికి మాత్రం వస్తూనే ఉంది.

వెర్న్ వాల్వు దగ్గరికి వెళ్ళి మళ్ళీ తిప్పి చూశాడు. బిగించే ఉంది. ఆర్గాన్ గొట్టం చేత్తో తడిమాడు. తెర వైపు చూశాడు. అతని మెడ మీద ఎర్రదనం పాకింది.

"దీన్ని ఏమంటావు గ్రేమ్?" అంది ఇనెకె. "పాత గాలి ఇంకా ఉందంటావా? సాయంత్రం దాకా కూర్చుందామా? నాకేం తొందర లేదు."

గ్రేమ్ బదులు రోండా జవాబిచ్చింది. "లోపల ఏదో తరుగుతోందన్నమాట," అంది నెమ్మదిగా.

"ద్రవమే తరుగుతోంది. తనని తానే తింటోంది. కరెంటు గాలిని కాదు, ఉప్పునే విరగ్గొడుతోంది. మనం ఇన్నాళ్ళూ పొగలోంచి వస్తోందనుకున్నది ఈ ద్రవంలోంచే."

"తరుగుతోంది," అన్నాడు వెర్న్. ఎవరితోనూ అన్నట్టు లేదు. "తరుగుతోందనేగా నేను నీలం డ్రమ్ములు పోస్తున్నాను."

ఇనెకె చటుక్కున అతని వైపు తిరిగింది. "ఏం డ్రమ్ములు?"

"వెనక షెడ్డులో ఉన్నాయిగా. నువ్వు గ్లాడ్‌స్టోన్ వెళ్ళినప్పట్నించీ వస్తున్నాయి. మట్టం తగ్గినప్పుడల్లా పొయ్యమన్నారు." అతని గొంతులో వెటకారం లేదిప్పుడు. "నీ ద్రవమే అన్నారు."

చలికాలమంతా ఇనెకె గ్లాడ్‌స్టోన్‌లో మరో పని మీద ఉంది. పంపింది గ్రేమ్. తిరిగొచ్చేసరికి యంత్రం అంతకుముందు ఎన్నడూ ఇవ్వనంత ఇస్తోంది. ఆ అంకెలు చూసే ఆమెకి అనుమానం మొదలైంది. కానీ ఆమె అనుమానమంతా తన ద్రవం మీదే. తను చేసిందేదో కరెంటుకి తట్టుకోలేక విరుగుతోందని, తప్పు తనదేనని, ఇన్ని రాత్రులు నిద్ర లేకుండా మథనపడింది. తన ద్రవం డ్రమ్ముల్లో రాదు. దాన్ని గాజు కూజాల్లో, పసిపిల్లకి మందు కలిపినట్టు కొద్దికొద్దిగా చెయ్యాలి.

"ఏం పోయించావు దీన్లో?" అంది గ్రేమ్‌తో.

గ్రేమ్ జనం వైపు తిరిగి, చూడాల్సింది అయిపోయింది కాబట్టి వెళ్ళమన్నాడు. మిగిలింది శాస్త్రజ్ఞుల మధ్య మాటన్నాడు. గోడ వెంట ఉన్నవాళ్ళు ఇబ్బందిగా కదిలి, ఒక్కొక్కరూ బయటికి నడిచారు. వెర్న్ కదల్లేదు. రోండా స్టూలుని ఇంకొంచెం ముందుకి జరుపుకుంది.

"నేను ఏడో తరగతితో ఆపేశాను," అంది. "మీ మాటలు నాకెలాగూ అర్థం కావు. కూర్చుంటాలే."

తలుపు మూసుకోగానే గ్రేమ్ మొహం మారింది. పుట్టినరోజు కళ పోయింది. ఇరవయ్యేళ్ళుగా తెలిసిన మొహంలో ఇనెకెకి తెలియని మనిషి కనిపించాడు.

"నీ ద్రవం ఒక్క డ్రమ్ము చెయ్యడానికి ఎంత కాలం పడుతుందో వీళ్ళకి చెప్పావా?" అన్నాడు. "చెప్పలేదు. నేను చెప్తాను. ఏడాది. మంత్రి ఏడాది ఆగడు. ఆ లోపల ఆ ఫ్యాక్టరీని ఇంకో రాష్ట్రం వాళ్ళు ఎగరేసుకుపోతారు. అందుకని బజార్లో దొరికేదాన్ని కలిపాను. అదే జాతి ద్రవం. శుక్రవారం సంతకం పడుతుంది, పునాది పడుతుంది. ఒకసారి కాంక్రీటు పోశాక ఏ ప్రభుత్వమూ వెనక్కి తియ్యదు. ఫ్యాక్టరీ కట్టేలోగా నీ బంగారు ద్రవం తయారవుతుంది, దాన్ని పోస్తాం, అన్నీ సర్దుకుంటాయి. ఇందులో ఎవరికి నష్టం?"

"నాకు చెప్పలేదు."

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోను."

"అదే. ఒప్పుకోవు. నీకు నిజం కావాలి. ఈ ఊరికి పని కావాలి. నువ్వు గీతలు చూపించి చేతులు దులుపుకుని ఏ యూనివర్సిటీకో పోతావు. బావగారు మళ్ళీ పచ్చళ్ళ జాడీలు ఎత్తుకుంటాడు."

ఇనెకెకి చెప్పదలచుకున్నవి చాలా ఉన్నాయి. నోట్లోంచి ఒక్కటే వచ్చింది. "నేను చేసిందాన్ని పాడుచేశావు గ్రేమ్. అది పని చేస్తోంది. ఎర్ర గీత చూశావు కదా. కొంచెమే అయినా నిజంగా చేస్తోంది. దాన్ని నీ అబద్ధంలో కలిపి, రేపు రెండింటినీ కలిపి పారబోసేలా చేశావు."

"కొంచెం," అన్నాడు గ్రేమ్. "ఆ కొంచెం చూసి మంత్రి సంతకం పెడతాడా?"

వెర్న్ అప్పుడు మాట్లాడాడు. ఇద్దరినీ చూడకుండా, నేల మీద పడున్న గొట్టాన్ని చూస్తూ మాట్లాడాడు.

"నువ్వు గెలిచావు ఇనీ. సంతోషమా?" అన్నాడు. "అతను అబద్ధమాడాడు. బాగుంది. ఆ అబద్ధంతో నా ఇల్లు గడుస్తోంది. నీ నిజంతో రేపు నేనేం చెయ్యాలో అది కూడా చెప్పు. పొద్దున లేచి ఎక్కడికెళ్ళాలో చెప్పు."

ఆ మాట నుంచి మొహం తిప్పుకోవడానికే ఇనెకె యంత్రం దగ్గరికి నడిచింది. లోపలి ద్రవం రంగు చూద్దామని మట్టం తెలిపే గాజు కిటికీ ముందు వంగింది.

లోపల ఏమీ కనపడలేదు. గాజు నిండా మంచు పట్టినట్టు మసక. చొక్కా చేతితో తుడిచింది. పోలేదు. జేబులోంచి గుడ్డ తీసి గట్టిగా రుద్దింది. మసక అలాగే ఉంది. అది గాజుకి పట్టిన మురికి కాదు. గాజే పోయింది. నునుపంతా ఏదో తినేసింది, లోపలివైపు గరుకుతేలి ఉంది.

గాజుని ఇలా తినే ఆమ్లం ఒక్కటే ఉంది. ప్రయోగశాలలో అడుగుపెట్టిన మొదటి వారంలోనే ఆ పేరు చెప్పి భయపెడతారు. ఆమెకి చెప్పి భయపెట్టింది గ్రేమే.

ఆమె నెమ్మదిగా లేచి రెండు అడుగులు వెనక్కి వేసింది. "గ్రేమ్," అంది, గొంతు పైకి లేవకుండా. "నువ్వు పోయించినదాన్లో ఫ్లోరిన్ ఉందా?"

అతను మసకబారిన గాజు వైపు చూశాడు.

"పొగలోంచి పట్టిన గాలి తడిగా ఉంటుంది. ఇన్ని నెలలూ ఆ తడి దీన్లోకే పోయింది. ఉందా లేదా?"

"ఉంది," అన్నాడు. "కొద్దిగా విడిపోతుందని తెలుసు. మరీ ఇంత అని..."

"కరెంటు తీసెయ్యి. రోండా, బయటికి నడువు. వెనక షెడ్డు దగ్గరికి కూడా ఎవర్నీ వెళ్ళనివ్వకు."

"ఏంటది?" అంది రోండా.

"ఫ్లోరిన్‌కి తడి తగిలితే పుట్టే ఆమ్లం. దాని పక్కన మామూలు ఆమ్లాలు చల్లనీళ్ళ లెక్క. పడగానే మండదు, తెలీదు. చర్మంలోంచి దిగి ఎముకని వెతుక్కుంటూ పోతుంది." చెబుతూనే ఆమె తల వెర్న్ వైపు తిరిగింది. "ఆ ద్రవంలో చెయ్యి పెట్టే పనులన్నీ ఎవరు చేస్తారు? ఫిల్టర్లు ఎవరు మారుస్తారు?"

"నేనే," అన్నాడు వెర్న్. "ఇవాళ పొద్దున కూడా మార్చాను. నువ్వొచ్చేలోపల అంతా శుభ్రంగా ఉండాలన్నారు."

"గ్లౌజులు?"

"తోలువి. ఎప్పుడూ వాడేవే." అతను కుడిచేతి వేళ్ళు మడిచి, చాపి చూసుకున్నాడు. పైకి ఏమీ లేదు. కాస్త తెల్లబడ్డాయి అంతే. "తడిశాయి కొంచెం. ఇందాకట్నించీ గోళ్ళ కింద సలుపుతోంది. పొద్దున చలికి అనుకున్నా."

ఇనెకె అతని మణికట్టు దొరకబుచ్చుకుని బయటికి లాక్కుపోయింది. షెడ్డు పక్కన కుళాయి ఉంది. పూర్తిగా తిప్పి అతని చేతిని దానికింద పెట్టింది. పొద్దున ఆమె రాసుకుంటూ వెళ్ళిన భుజమే ఇప్పుడు ఆమెకి ఆని ఉంది. బయట నిలబడ్డవాళ్ళు ఏమైందని దగ్గరికి రాబోతే రోండా బొంగురు గొంతుతో అందర్నీ ఆపి, ఒకరిచేత అంబులెన్స్‌కి ఫోన్ చేయించింది.

"ఇప్పుడు మండుతోంది," అన్నాడు వెర్న్ పళ్ళ బిగువున. "ఇప్పుడు నిజంగా మండుతోంది ఇనీ."

"చెయ్యి తియ్యకు. అలాగే ఉంచు." ఆమె తలెత్తి అరిచింది. "మందుల పెట్టె తెండి. కాల్షియం లేపనం ఉంటుంది చూడండి, ట్యూబులో."

పెట్టె తెచ్చారు. కట్లున్నాయి, కంటి చుక్కలున్నాయి, తేలు కాటు మందు కూడా ఉంది. లేపనం లేదు. ఉండదు. అలాంటి ఆమ్లం షెడ్డులో ఉందని తెలిస్తేనే కదా ఎవరైనా ఆ లేపనం కొనిపెట్టేది.

జనాన్ని తప్పించుకుంటూ గ్రేమ్ దగ్గరికి వచ్చాడు. ఇనెకె కళ్ళల్లోకి చూడలేదు. కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి ఒక ట్యూబు తీసి ఆమె చేతిలో పెట్టాడు. కాల్షియం లేపనమే. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. పెట్టెలోని గ్లౌజులు తొడుక్కుని, మూత పళ్ళతో ఊడదీసి, వెర్న్ వేళ్ళకి, గోళ్ళ సందుల్లోకి రుద్దడం మొదలుపెట్టింది.

రోండా ఒంగి ఆమె చేతిలోని ట్యూబుని చూసింది. అడుగునించి నలిగి, చుట్టుకుని ఉంది. సగానికి పైగా ఎప్పుడో అయిపోయింది.

గ్రేమ్ అప్పటికే తన కారు వైపు నడుస్తున్నాడు. రోండా పెద్ద పెద్ద అంగలతో అతన్ని దాటి వెళ్ళి, కారు తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి గ్రేమ్," అంది. "ఆ ట్యూబులో అయిపోయినదంతా ఎవరికి పూశావు?"